ఫైల్లో లేని మాట

నేను అయిదో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా రెండు చోట్ల అయింది. మొదట పెడనలో మా అత్తవారి అద్దకం బల్ల దగ్గర, అరవై దాటాక బందరులో ఒక లాయర్ల ఆఫీసులో. రెండు చోట్లా చదువు చెప్పే పద్ధతి ఒకటే. తప్పు చేసిన మనిషిని అందరి ముందూ నిలబెడతారు. గుడ్డ మీద చెక్క అచ్చులు వేసేటప్పుడు అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కనబడితే మా అత్తగారు ఆ అచ్చు పిడితోనే వేళ్ళ కణుపుల మీద కొట్టేది. వాచిన చేత్తోనే తర్వాతి అచ్చు వెయ్యాలి. ఆరు నెలలు తిరిగేసరికి నా అద్దకంలో అతుకు ఎక్కడుందో ఆవిడకే దొరికేది కాదు. అందుకని మెత్తగా చెబితే చదువొస్తుందంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఇది కూడా మెత్తగా రాయను.

మా ఆఫీసులో హత్యలూ, గట్టు తగాదాలూ ఉండవు. ఒకడి సరుకు పేరు ఇంకొకడు పెట్టుకుంటే, ఒకడి బొమ్మ ఇంకొకడు దింపుకుంటే వచ్చే కేసులు మావి. మిఠాయి పెట్టె మీది పేరు, కృత్తివెన్ను చెరువులకి వెళ్ళే రొయ్యల మేత సంచీ మీది బొమ్మ, అప్పడాల పాకెట్టు, పెడన అద్దకం. ఇలాంటి పనికి బందరులో ఓ ఆఫీసు ఉంటుందని అక్కడ చేరేదాకా నాకూ తెలియదు.

చేరడం ఎలా జరిగిందంటే, మా ఆయన పోయిన రెండో ఏడు ఆ ఆఫీసు పెద్ద, మేడమ్ గారు, పెడనలో మా షెడ్డుకి వచ్చింది. చేతిలో రెండు గుడ్డముక్కలు. రెండూ ఒకే అచ్చుతో వేసినవా అని మా మరిదిని అడిగింది. మరిది అటు తిప్పి ఇటు తిప్పి ఒకటేనన్నాడు. నేను కరక్కాయ నీళ్ళ తొట్టి దగ్గర గుడ్డ పిండుతున్నాను.

"ఒకటి కాదండి," అన్నాను. "మొదటిది మా అచ్చు. రెండోది మా గుడ్డ మీద కాగితం పెట్టి దించుకుని చెక్కింది. మా అచ్చుకి ఆకు కొసన పగులుంది. వాడు పగుల్ని కూడా గీత అనుకుని చెక్కించాడు."

ఆవిడ భూతద్దం తీసి చూసింది. నన్ను చూసింది. "మామ్మగారూ, బందరు వస్తారా," అంది.

అలా వెళ్ళాను. పొద్దున్నే పెడన నుంచి బస్సు, ఆఫీసు తాళం తియ్యడం, ఊడవడం, టీ, ఫైళ్ళు అందించడం. మధ్యాహ్నం పూట నా ముందు బొమ్మలు పోసేవారు. ఏది దేనికి నకలో చెప్పాలి. కాగితం మీద నా ఉద్యోగం పేరు అటెండరు.

మేడమ్ గారిది బడిపంతుళ్ళ కుటుంబం. తాతా పంతులే, తండ్రీ పంతులే. ఆవిడ లాయరైనా ఆఫీసుని బడిలాగే నడిపేది. శనివారం మూడు గంటలకి అందరూ పెద్దగదిలో కూర్చోవాలి. బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం ఉంటుంది. ఆ వారంలో ఎవరు తప్పు చేశారో వాళ్ళే తమ చేత్తో అందులో రాసి, లేచి నిలబడి చదవాలి. చదివాక గదిలో ఉన్న ప్రతివాళ్ళూ ఒక్కో ప్రశ్న అడగాలి. అసలు ఏం చేసి ఉండాల్సిందో నోటితో చెప్పేదాకా కూర్చోకూడదు. మేడమ్ గారు తన తప్పు కూడా రెండుసార్లు రాసి చదివింది, కాదనను. నేనూ రాశాను. 'తడి గ్లాసు ఫైలు అట్ట మీద పెట్టాను' అని. నలుగురు లాయర్లు నాలుగు ప్రశ్నలడిగారు. గ్లాసు అక్కడే ఎందుకు పెట్టారు, తడి ఎంతసేపుంది, లోపలి కాగితం తీసి చూశారా, చూశాక ఎవరికి చెప్పారు. నా మనవల వయసు వాళ్ళు. జవాబు చెప్పి కూర్చున్నాను. మళ్ళీ ఏ ఫైలు మీదా గ్లాసు పెట్టలేదు. కాబట్టి ఆ పద్ధతి మంచిదే.

ఇంకో నియమం ఉండేది. ప్రతి ఫైల్లో ఎడమవైపు ఒక నోటు కాగితం. ఎవరు ఫోన్ చేశారు, ఎవర్ని ఏం అడిగాం, ఏం చెప్పారు, అన్నీ టైము వేసి అందులో రాసి సంతకం పెట్టాలి. 'రాయనిది జరగనట్టే' అనేది మేడమ్ గారు. ఆ మాట ఆఫీసులో అందరికంటే ఎక్కువ నాకు నచ్చింది. కొత్తగా ఎవరు చేరినా ముందు నేనే చెప్పేదాన్ని.

కొత్తగా చేరినవాళ్ళలో నేను రాయబోయే ఈ అమ్మాయి ఒకతి. అవనిగడ్డ అవతల పల్లె. వాళ్ళ వంశంలో లా చదివింది తనే మొదలు. చేరిన రోజు వంటగదిలోకి వచ్చి, "మామ్మగారూ, మీ పుట్టిల్లు దివిసీమంటగా. మాదీ దివేనండి," అంది.

"దివిలో చాలామంది ఉన్నారు," అన్నాను. "గేదెలు కూడా ఉన్నాయి. నోటు కాగితం రాయడం ఎవరైనా చెప్పారా నీకు?"

నవ్వింది. నేను నవ్వలేదని చూసి మానేసింది.

రెండేళ్ళు శిక్షణ. ఆ తర్వాత నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. ఉంచుకుంటే ట్రేడ్‌మార్కులూ డిజైన్లూ చూసే లాయరైపోతుంది. ఆ పని నేర్పే ఆఫీసు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. "లేకపోతే ఏముందండీ, అవనిగడ్డ కోర్టు ఆవరణలో రేకుల కింద బల్లేసుకుని అఫిడవిట్లు రాసుకోవడమే," అని ఆ పిల్లే చెప్పింది. తన భయం ఎక్కడుందో నాకు మొదటి వారంలోనే చెప్పేసింది. నేనైతే ఎవరికీ చెప్పి ఉండేదాన్ని కాదు.

బొమ్మలు పోల్చడం నేర్పమని మేడమ్ గారు ఆ పిల్లని నాకప్పగించింది. నాకు తెలిసినట్టే నేర్పాను. కొత్త కాగితం ముట్టనివ్వలేదు. ఒకవైపు అచ్చయి పారేసిన కాగితాలు పోగేసి, అంచులు కత్తిరించి, దబ్బనంతో పుస్తకంలా కుట్టిచ్చాను. రాసుకోవాలంటే అందులోనే. ఇరవై లేబుళ్ళ మధ్య ఒక నకలు పెట్టి, అది కనిపెట్టేదాకా టీ ఇచ్చేదాన్ని కాదు. అందరికీ ఇచ్చి, ఆ పిల్ల గ్లాసు మూత పెట్టి ఎదురుగా ఉంచేదాన్ని. తప్పు చూపిస్తే మళ్ళీ మొదటినుంచి.

"నీ కళ్ళు కూడా రొయ్యల చెరువుకి లీజుకిచ్చావా," అనేదాన్ని.

క్లయింట్లు వచ్చినప్పుడు వాళ్ళ ఎదుటే, "ఈ అమ్మాయి ఇంకా నేర్చుకుంటోందండి, కాస్త నిదానంగా చెప్పండి," అనేదాన్ని. ఆ పిల్ల చెవులు ఎర్రబడేవి. ఇంకో షరతు కూడా పెట్టాను. ఒకే మాట నన్ను రెండోసారి అడిగితే జవాబు చెప్పను. మొదటిసారే రాసుకోవాలి. ఓసారి మరిచిపోయి అడిగింది. ఆ పూటంతా నేను ఆ పిల్లతో మాట్లాడలేదు. పక్కనే నిలబడి "మామ్మగారూ, మామ్మగారూ" అని పిలుస్తుంటే గోడతో మాట్లాడినట్టు ఇంకొకళ్ళతో మాట్లాడాను.

ఏడాది తిరిగేసరికి నకలు పట్టడంలో మగ లాయర్లకంటే ముందుండేది. ఒకరోజు మేడమ్ గారు మెచ్చుకుంటే వంటగదిలోకి వచ్చి, "అంతా మీవల్లేనండి," అంది.

"తోమాల్సిన గిన్నెలున్నాయి, అడ్డులే," అన్నాను. సంతోషమే కలిగింది. చూపిస్తే నేర్చుకోవడం ఆపేస్తారు.

ఇప్పుడు చీర సంగతి చెప్పాలి.

మా ఇంట్లో కొత్త అచ్చు చెక్కిస్తే, దాంతో మొదట దిగిన చీర అమ్మరు. ఇంట్లో పెద్ద ఆడమనిషి కట్టుకుంటుంది. కట్టుకుని నలుగురిలో తిరిగి, ఎండలో ఆరేసి, నాలుగు ఉతుకులు ఉతికి, నలుపు నిలిచిందా, ఎరుపు కారిందా, కుచ్చిళ్ళలో బొమ్మ ఎలా పడుతోంది, అన్నీ చూసి సరేనంటేనే ఆ అచ్చు బల్లెక్కుతుంది. వద్దంటే అచ్చు అటక మీదికి పోతుంది. మా అత్తగారి తర్వాత ఆ వంతు నాది. మా ఆయన పోయాక అన్నీ నా చేతిలోంచి పోయాయి. బల్ల మరిదికి పోయింది, తాళాలు తోటికోడలికి పోయాయి. ఈ ఒక్క వంతు మాత్రం నాకుంచారు. మొదటి చీర మడత పెట్టి మరిదే తెచ్చి, "వదినా, చూసి చెప్పు," అనేవాడు. ఆ మాట కోసం నేను ఎన్ని పస్తులైనా ఉంటాను.

ఆ ఏడు మరిది ఒక కొత్త అచ్చు చెక్కించాడు. దూరం నుంచి తీగ. దగ్గరికెళ్తే రొయ్య మీసాలు, ఒకదానికొకటి మెలిపడి. అలాంటిది పెడనలో ఎవరూ చేసి ఎరగరు. మొదటి చీర నాకు తెచ్చాడు. కట్టుకుని ఆఫీసుకే వెళ్ళాను. రోజూ తిరిగేది అక్కడే కదా. నాలుగు ఉతుకులకీ రంగు రాయిలా నిలిచింది. సరేనన్నాను. అప్పుడే ఆఫీసు పెట్టిన రోజని మెట్ల మీద అందర్నీ నిలబెట్టి ఫొటో తీశారు. పెద్దదాన్నని నాకు మధ్యలో కుర్చీ వేశారు. పమిట ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను. నా వెనక, కుర్చీ మీద చెయ్యేసి, ఈ అమ్మాయి. ఆ ఫొటో ఆఫీసు వెబ్‌సైటులో పెట్టారు, తారీకుతో సహా.

రెండు నెలల తర్వాత మరిది ఆ అచ్చు డిజైను రిజిస్టరు చేయిస్తానని మా ఆఫీసుకే వచ్చాడు. మేడమ్ గారు ఆ ఫైలు ఈ పిల్లకిచ్చింది. మొదటిసారి సొంతంగా చేస్తున్న ఫైలు. డిజైను చట్టంలో ఒక మాట ఉంది, శనివారం శనివారం విని నాకూ నోటికి వచ్చింది. దరఖాస్తు పంపేలోపు ఆ బొమ్మ లోకం కంట పడకూడదు. పడితే అది కొత్తది కాదు. రిజిస్టరైనా తర్వాత కొట్టేస్తారు.

దరఖాస్తు పంపే ముందురోజు ఆ పిల్ల వంటగదికి వచ్చింది.

"మామ్మగారూ, ఒక్క మాటండి. మీ మరిదిగారి అచ్చు రేపు పంపిస్తున్నాను. అమ్మారా అంటే గజం గుడ్డ కూడా అమ్మలేదన్నారు. చూపించారా అంటే బయటివాళ్ళెవరికీ చూపించలేదన్నారు. మీకేమైనా తెలుసా, ఎక్కడైనా బయటికి వెళ్ళిందా?"

ఆ చీరే నా ఒంటి మీదుంది. కొంగు బొడ్లో దోపుకుని టీ వడపోస్తున్నాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి అడిగింది. ఫైల్లో ఆ బొమ్మ తెల్ల కాగితం మీద నల్ల గీతల్లో ఉంది. నా మీద ఎరుపులో, ఉతుకులకి కాస్త మెత్తబడి, ముడతల్లో ఉంది. ఏడాదిన్నర ఆ కళ్ళకి నేను పని నేర్పాను. కాగితాలు చూడ్డం వచ్చింది. టీ ఇచ్చే ముసలిదాని చీర చూడాలని తట్టలేదు. ఆ ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

"నీ పని నన్నడుగుతావేం," అన్నాను. "లా చదివింది నువ్వా నేనా? కళ్ళున్నాయిగా, చూసుకో."

"అది కాదండీ, మీ ఇంటి సంగతి కదా అని."

"నా ఇంటి సంగతి ఆఫీసులో అడక్కు. టీ చల్లారిపోతోంది, పట్టుకెళ్ళు."

ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇంటి పెద్ద కట్టుకోవడం లోకానికి చూపించడం కాదని సగం అనుకున్న మాట నిజం. మరిదీ అలాగే అనుకున్నాడు, అందుకే బయటివాళ్ళెవరికీ చూపించలేదన్నాడు. మా ఇళ్ళలో ఎవర్నడిగినా అదే చెబుతారు. కానీ మిగతా సగం నాకు తెలుసు. ఆ చీరతో బస్సెక్కాను, బజారులో కూరలు కొన్నాను. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఇకనుంచి మొదటి చీర వదినకి ఇవ్వకూడదంటారు. పొరపాటంతా నా పమిట మీదికి వస్తుంది. ఇంకోటి కూడా ఉంది. తనంతట తనే కనిపెట్టాలని పట్టుబట్టాను. మూత పెట్టిన టీ గ్లాసు లాగే.

డిజైను రిజిస్టరైంది. మరిది ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడు. ఆ పిల్ల ఫైలు గుండెకి ఆనించుకుని తిరిగింది. మా చీరలు బజారుకెళ్ళిన కొన్నాళ్ళకే గుడివాడలో ఒక పెద్ద బట్టల కొట్టు అదే బొమ్మని స్క్రీను ప్రింటింగులో దించి, మూడు రంగుల్లో చీరలు వేసి అమ్మడం మొదలుపెట్టింది. మనవాళ్ళు నోటీసిచ్చారు. నోటీసు రాసింది కూడా ఈ పిల్లే. మేడమ్ గారు ఒక్క కామా కూడా మార్చలేదట.

కొట్టువాళ్ళ లాయరు జవాబివ్వలేదు. డిజైను కొట్టెయ్యమని తిరిగి దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితాలు వచ్చిన రోజు నేనే కవరు కత్తిరించి మేడమ్ గారి బల్ల మీద పెట్టాను. పైన మా ఆఫీసు మెట్ల మీది ఫొటో. నోటీసిచ్చినవాళ్ళు ఎవరో, ఎలాంటివాళ్ళో చూద్దామని ఆ లాయరు మా వెబ్‌సైటు తెరిచి ఉంటాడు. నా ఒళ్ళో పరుచుకున్న పమిట చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టాడు. కింద తారీకు. మనం దరఖాస్తు పంపిన తారీకుకి రెండు నెలల ముందుది.

మేడమ్ గారు ఫొటో చూసింది. తలెత్తి నన్ను చూసింది. ఆ పూట నేను కట్టుకున్నది వేరే చీర. తలుపు వేసి వెళ్ళమంది.

అది ఆ పిల్ల శిక్షణలో ఆఖరి నెల.

శనివారం మూడు గంటలకి ఎర్ర పుస్తకం తెరిచారు. ఆ పిల్ల లేచి నిలబడి తన దస్తూరీ తనే చదివింది. "క్లయింటును సరైన ప్రశ్న అడగలేదు."

ప్రశ్నలు మొదలయ్యాయి. నేను టీ కెటిలుతో గోడ పక్కన నిలబడ్డాను.

"అమ్మారా, చూపించారా అని అడిగారు, బావుంది," అన్నాడు అందరిలోకీ సీనియరు. "కట్టుకున్నారా అని ఎందుకడగలేదమ్మా? చీరని జనం ఏం చేస్తారనుకున్నారు మీరు?"

"తట్టలేదండి."

"ఈ ఫొటోలో మామ్మగారి కుర్చీ మీద చెయ్యేసి నుంచున్నదెవరు?" అన్నాడు రెండో ఆయన.

"నేనేనండి."

"చెయ్యి చీరకి ఎంత దూరంలో ఉందంటారు? కొలిచారా?"

నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మూడో ఆయన, "పోనీలెండి, అమ్మాయి వెనకనుంచి చూసింది, బొమ్మ ముందువైపు కదా ఉంది," అన్నాడు. మళ్ళీ నవ్వారు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నాకు మా అత్తగారి అచ్చు పిడి గుర్తొచ్చింది.

ఆఖరున మేడమ్ గారు అడిగింది. "సరే, క్లయింటు చెప్పలేదు. మన ఆఫీసులో ఎవర్నైనా అడిగారా?"

"అడిగానండి."

"ఎవర్ని?"

ఆ పిల్ల ముందు నావైపు చూసింది. అది నాకు గుర్తుంది. నేనే చెప్పడానికి నాకు వీలిచ్చింది. అప్పుడు, "మామ్మగారినండి. పంపే ముందురోజు, వంటగదిలో," అంది.

అందరి తలలూ నావైపు తిరిగాయి. మేడమ్ గారు, "ఏం మామ్మగారూ, అడిగిందా?" అంది.

అవునంటే ఆ పిల్ల ఉంటుంది. నేనుంటానో ఉండనో తెలియదు. లేదంటే అబద్ధం. నేను అబద్ధం చెప్పను, చిన్నప్పట్నుంచీ లేదు అలవాటు.

"నోటు కాగితంలో ఉంటుంది చూడండమ్మా," అన్నాను. "రాయనిది జరగనట్టే కదా."

మేడమ్ గారు ఫైలు దగ్గరికి లాక్కుని ఎడమవైపు కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ఏముంటుందో ఆవిడకీ తెలుసు. మరిది చేసిన ప్రతి ఫోనూ ఉంది. టైముంది, సంతకం ఉంది. వంటగది లేదు. వంటగదిలో అడిగింది ఎవరు రాస్తారు?

"లేదు," అంది.

"మామ్మగారూ, మీరే చెప్పండి," అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. "నేను మిమ్మల్నడగలేదా?"

"ఒకే మాట రెండోసారి అడగొద్దని నీకు చెప్పానా లేదా?" అన్నాను.

ఒకరిద్దరు నవ్వారు. ఈసారి సగంలో ఆగారు. ఆ మాటలోనే జవాబుందని ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. మేడమ్ గారికి అందరికంటే ముందు తెలిసి ఉంటుంది. కానీ ఆ ఫొటో పెట్టింది ఆవిడ ఆఫీసు. ఆ చీర రెండు నెలలు ఆవిడ చేతికి టీ అందించింది. తన తప్పు, నా తప్పు, అందరి తప్పూ రాయాలంటే ఎర్ర పుస్తకంలో ఆ వారానికి చోటు చాలదు. ఒక్క లైను అప్పటికే రాసి ఉంది. ఆవిడ పుస్తకం మూసింది.

"కూర్చోండి," అంది. అసలు ఏం చేసి ఉండాల్సిందో చెప్పించకుండా కూర్చోబెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను టీ పోశాను. ఆ పిల్లకీ పోశాను. తాగలేదు. గ్లాసులోది తిరిగి గిన్నెలో పోసి వేడి చేసి మర్నాడు వాడలేం కదా. పారబోశాను.

సోమవారం ఉత్తరమిచ్చారు, శిక్షణ పూర్తయింది, ఇక అవసరం లేదని. సొరుగు ఖాళీ చేసుకుని వెళ్తూ వంటగది గుమ్మం దగ్గర ఆగింది. ఏదైనా అంటుందని చూశాను. తిడితే పడేదాన్నేమో. "సొరుగు తాళం మేడమ్ గారికిచ్చానండి," అని మాత్రం అంది. అవనిగడ్డ బస్సుకి వెళ్ళిపోయింది.

డిజైను కొట్టేశారు. గుడివాడ కొట్టువాడు చీరలు ఇంకో రెండు రంగుల్లో దించాడు. మరిది నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు గానీ ఇప్పుడు కొత్త అచ్చు వేస్తే మొదటి గుడ్డ ట్రంకు పెట్టెలో పడుతుంది. దరఖాస్తు వెళ్ళేదాకా బయటికి రాదు. వచ్చాక తోటికోడలు కట్టుకుంటుంది. రంగు కారితే ఆవిడకి తెలియదు. నన్నెవరూ అడగరు.

ఆఫీసులో మాత్రం నాకు అడిగే పని పెట్టారు. డిజైను కోసం వచ్చే ప్రతివాళ్ళకీ ఇచ్చే ఫారంలో మేడమ్ గారు ఒక ప్రశ్న చేర్చింది. 'మొదటి గుడ్డ ఎవరు కట్టుకున్నారు? మొదటి వస్తువు ఎవరు వాడారు?' లాయర్లు అడిగితే జనం నిజం చెప్పరు, ఇంటి మనిషిలా అడిగితే చెబుతారని, ఆ ఒక్క ప్రశ్నా నాచేత అడిగిస్తారు. చాలా దరఖాస్తులు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. కొత్తగా చేరినవాళ్ళకి శనివారం చెప్పే మొదటి పాఠం అదే. "ఈ ప్రశ్న మనకి మామ్మగారిచ్చారు," అంటుంది మేడమ్ గారు. వాళ్ళు నావైపు గౌరవంగా చూస్తారు. ఎర్ర పుస్తకం పాత పేజీల్లో ఏముందో వాళ్ళెవరూ తిరగెయ్యరు. అలమరా తుడిచేటప్పుడు నేనే తిరగేస్తాను. ఆ పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది.

పోయినేడు మా పుట్టింటి స్థలం గురించి ఒక అఫిడవిట్ కావాల్సొచ్చింది. మా అన్నయ్య నన్ను అవనిగడ్డ కోర్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇక్కడ ఒక లాయరమ్మ ఉంది. మనిషి కాస్త కఠినమే గానీ తప్పు లేకుండా రాస్తుంది," అన్నాడు. రేకుల కింద వరసగా బల్లలు. మూడో బల్ల దగ్గర ఆ పిల్ల. చిక్కింది. ఎదురుగా జనం బారు తీరి ఉన్నారు.

నన్ను చూసింది. లేవలేదు. "కూర్చోండి," అంది. మామ్మగారూ అనలేదు.

పేరు, వయసు, ఊరు అడిగింది. చదువు అడిగింది. అయిదు అన్నాను. అడిగిన ప్రతిదానికీ నేను చెప్పిన జవాబు ముందు పక్కనున్న పుస్తకంలో రాసుకుని తర్వాత కాగితం మీదికి ఎక్కిస్తోంది. ఆ పుస్తకం ఒకవైపు అచ్చయిన పాత కాగితాలది, అంచులు కత్తిరించి దబ్బనంతో కుట్టింది. కుట్టు నేను వేసే కుట్టే, నాకంటే దగ్గర దగ్గరగా.

"వృత్తి?"

"ఆఫీసులో పని."

"ఏం పని?"

"డిజైన్ల కోసం వచ్చేవాళ్ళని అడుగుతాను."

"ఏమని అడుగుతారు?"

అన్నయ్య పక్కనే ఉన్నాడు. వెనక జనం ఉన్నారు. చెప్పకుండా ఊరుకోవచ్చు. నేనే ఆ పిల్లకి నేర్పాను, అడిగినదానికి జవాబు రాకపోతే రాలేదని రాసుకోవాలని.

"మొదటి గుడ్డ ఎవరు కట్టుకున్నారని," అన్నాను.

కలం ఆగింది. ఆ పిల్ల నా చీర చూసింది. మిల్లు వాయిలు చీర. పమిట నుంచి కుచ్చిళ్ళ దాకా నిదానంగా చూసింది. ఇప్పుడు చూడటం పూర్తిగా వచ్చింది. తర్వాత తల వంచి రాసి, కాగితం నావైపు తిప్పింది.

"చదువుకుని సంతకం పెట్టండి. చదవడం వచ్చుగా మీకు."

చదివాను. వృత్తి అన్నచోట 'అటెండరు' అని ఉంది. తప్పేమీ లేదు. సంతకం పెట్టాను. ఆ పిల్ల కుట్టు పుస్తకంలో టైము వేసుకుని, నేనన్న మాట ఒక్కటి కూడా వదలకుండా రాసుకుని, నా వెనకున్న మనిషిని పిలిచింది.